ఆకుకూర తినే చేపలు

దర్శి దగ్గర పల్లెటూళ్ళో అంగన్‌వాడీ టీచర్ని నేను. మిరప కోతలు మొదలయ్యాయంటే నాకు గొడవే. కర్నూలు వైపు నుంచి కూలీలు పిల్లాపాపలతో దిగుతారు. పిల్లల్ని నా దగ్గర వదలండర్రా అంటే కొందరు వినరు. చేలో గట్టు మీద గోనెసంచి పరిచి కూర్చోబెడతారు. ఆ ఎండ, ఆ ఘాటు, కాయ మీద కొట్టిన మందు! చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మొన్నటి కోతలప్పుడు ఒక తల్లిని పోరి పోరి ఒప్పించాను. మూడేళ్ళ ఆడపిల్ల. వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది, అంతే. మెతుకు ముట్టలేదు. గుడ్డు పెడితే పక్కకు తోసేసింది. పాట పాడితే చెవులు మూసుకుంది. నా గొంతు వింటే ఎవరైనా అంతేనంది మా ఆయా. సాయంత్రం తల్లి వచ్చి, వాడిపోయిన పిల్ల మొహాన్ని మోచేత్తో నిమిరింది. కోతలకు వెళ్ళేవాళ్ళు పిల్లల్ని అరచేత్తో తాకరు, మంట అంటుకుంటుందని.

"ఈ వారం చూస్తా టీచరమ్మా. అప్పటికీ తినకుంటే చేన్లోకే తోడుకొని పోతా" అంది. కన్నతల్లి, ఆమెను ఏమని అనగలను?

మా సెంటర్లో పెద్ద గాజుతొట్టి ఒకటుంది. ఊళ్ళో రైతు ఒకాయన, తన పిల్లలు పెద్దవాళ్ళయ్యారని తెచ్చి ఇచ్చాడు. అందులో చిన్న చిన్న మోలీలు, గప్పీలు తిరుగుతుంటాయి. ఆ పిల్ల ఒకసారి తలెత్తి తొట్టి వైపు చూసి, మళ్ళీ దించేసుకుంది. గుమ్మం దగ్గరికి ఆ చేపలు కనపడవు మరి. అక్కడికి కనపడేంత పెద్దవి తేవాలని అప్పుడే అనుకున్నాను.

"చేపల్ని చూస్తే కడుపు నిండుద్దా టీచర్ గారూ?" అంది ఆయా.

"నువ్వు ఊరుకో" అని, ఆదివారం ఆరాధన అవగానే గుంటూరు బస్సెక్కాను.

అక్వేరియం కొట్టతను ముందు ఆస్కార్లు చూపించాడు. అరచేయంత ఉన్నాయి, నల్లటి ఒంటి మీద నిప్పురవ్వల్లాంటి మచ్చలు. మనసు లాగేసింది. కానీ నా గప్పీల సంగతి ఏమిటి?

"దీని నోట్లో గప్పీ పడుతుందా బాబూ?"

"పడుతుందండి. పడితే మింగేస్తుంది."

"పిల్లల కళ్ళ ముందా? వద్దు నాయనా. పెద్దగా ఉండాలి, బుద్ధిగా ఉండాలి."

అతను నవ్వి ఇంకో తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాడు. గుండ్రంగా, పలచగా, వెండి పళ్ళేల్లా మెరుస్తున్న చేపలు. సిల్వర్ డాలర్లట. "నోరు చిన్నదండి. ఆకులు మేస్తాయి, ఒకరి జోలికి పోవు. కాకపోతే ఒక్కదాన్నే తీసుకెళ్తే బెదిరిపోయి మూల చేరుద్ది. నాలుగైదు తీసుకెళ్ళండి."

"బెదిరేది మా గుమ్మం దగ్గర ఇప్పటికే ఒకటుందిలే" అని గుంపునే కట్టించుకున్నాను.

మర్నాడు పొద్దున చేపల కవరు చూడగానే మా ఆయా కళ్ళు పెద్దవి చేసింది. "రూప్‌చంద్ పిల్లలు కదండీ ఇవి! ఇంకాస్త ఎదిగితే పులుసు అదిరిపోద్ది."

"పులుసు మాట మళ్ళీ ఎత్తావో, నిన్నే పెడతా."

చేపల్ని తొట్టిలో వదిలి, ఆ రోజు పప్పులోకి తెచ్చిన తోటకూరలోంచి ఒక ఆకు కడిగి నీళ్ళల్లో వేశాను. చేపలన్నీ ఒక్కసారిగా వచ్చి లాక్కున్నాయి. గుమ్మం దగ్గర కదలిక. పిల్ల లేచింది! ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి నా ముందు చెయ్యి చాపింది. ఆకు ఇచ్చాను. చేప అందుకోగానే కిలకిలా నవ్వింది. అయ్యో ప్రభువా, ఆ నవ్వు! మధ్యాహ్నం అదే తోటకూర పప్పన్నం చేపలకేసి చూస్తూ తింది. నేను, ఆయా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

సాయంత్రం తల్లి రాగానే పిల్ల ఆమెను కొంగు పట్టి తొట్టి దగ్గరికి లాక్కెళ్ళింది. కూతురు నవ్వుతుంటే ఆ తల్లికి ఇంకేం గుర్తుంటుంది? మురిసిపోయి, చేను నుంచి వచ్చిన చెయ్యి వచ్చినట్టే నీళ్ళల్లో పెట్టేసింది.

"చెయ్యి తియ్యమ్మా! మందు!" అని కేకేశాను.

ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. అప్పటికే చేపలు మూలకు పోయాయి. కాసేపటికి పైకి తేలి నోళ్ళు తెరవసాగాయి. ఆమె వాటినీ నన్నూ మార్చి మార్చి చూసి, పిల్లను చంకనేసుకుని వెళ్ళిపోయింది. మేమిద్దరం బిందెలతో నీళ్ళు మార్చడంలో పడ్డాం. పొద్దున్నకల్లా చేపలు మామూలుగా తిరుగుతున్నాయి. పిల్ల మాత్రం రాలేదు.

సెంటర్ ఆయాకు అప్పగించి చేలోకి నడిచాను. గట్టు మీద గోనెసంచి, దాని మీద పిల్ల, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"ఏమ్మా, ఎందుకు పంపలేదు?"

ఆమె తలెత్తలేదు. "దాని చేపల్ని నేనే సంపితినని భయమైంది టీచరమ్మా. ఏ మొగం పెట్టుకొని వస్తును?"

"ఎవరు చచ్చారే? లే. నీ కళ్ళతోనే చూద్దువుగాని రా."

వచ్చింది. తొట్టికి దూరంగా, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. చేపలు గాజు దగ్గరికి వచ్చేసరికి నోరు తెరుచుకుని చూసింది. పిల్ల ఒక్కో ఆకూ వేస్తూ, ఏది ఎక్కువ తిందో తల్లికి చెబుతోంది.

అన్నాల వేళయింది. ఆమెకూ పళ్ళెం పెట్టాను. ఎన్నిసార్లు కడిగినా చేతుల మంట పోలేదని ఆమె పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంది. పిల్ల చూసింది. తన గుడ్డు రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క తల్లి నోట్లో పెట్టింది.

"తిను, చేప గూడా తినె" అంది.

ఆమె నమలడం మరిచి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. వెళ్ళేటప్పుడు పిల్ల తల మోచేత్తో నిమిరి, "సందేళ వస్తా, ఆడుకో" అని ఒక్కతే చేనువైపు నడిచింది. పిల్ల గుమ్మం దగ్గరికి వెళ్ళలేదు, ఇంకో ఆకు కావాలని నా కొంగు పట్టుకుంది.