పెరుగన్నం అడిగిన పాపానికి

ఇటలీలో మా కాలేజీ వాళ్లతో చిన్న చిన్న ఊళ్లు తిరుగుతున్న రోజులవి. పూటపూటా పాస్తా తిని నాకు మొహం మొత్తింది. ఒక మధ్యాహ్నం, మేం బస చేసిన ఇంటావిడని ఉత్త తెల్లన్నం, కాస్త పెరుగు పెట్టమని అడిగాను. ఆవిడ గబగబా వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"కడుపు నొప్పా?" అంది వచ్చీరాని ఇంగ్లిష్‌లో. వాళ్లకి తెల్లన్నం రోగులు తినే పథ్యమట! బాగానే ఉన్నాను మొర్రో అంటే వింటేనా? అన్నం పెట్టింది కానీ, ఒంటికి పడదని పెరుగు ఇవ్వలేదు. పైగా నిమ్మతొక్కలు మరిగించిన నీళ్లు తాగించి, మా ప్రొఫెసర్‌కి చెప్పేసింది. ఆయన నన్ను మంచం దిగొద్దన్నాడు. నేను ఎన్నాళ్లుగానో చూడాలనుకున్న కొండ మీది ఊరికి బస్సు నన్నొదిలేసి వెళ్లిపోయింది.

ఒళ్లు మండిపోయి అమెరికాలో, నేపర్‌విల్‌లో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను.

"మామ్, జస్ట్ పెరుగన్నం అడిగాను. సిక్ అని నన్ను రూమ్‌లో పెట్టేశారు! నువ్వు ఈ ఆంటీతో మాట్లాడు. మనం రోజూ తింటాం అని ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి!"

చిన్నప్పటి నుంచీ అమ్మ పెరుగన్నం కలిపినప్పుడల్లా పళ్లెం పక్కకి తోసేసి, పాస్తా కావాలని పేచీ పెట్టింది నేనే.

"నువ్వా? పెరుగన్నం అడిగావా?" అంది కంగారుగా. "నిజం చెప్పు కన్నా, జ్వరం ఎంతుంది?"