సున్నా దగ్గర తేలిన పడవ

2022. కావలి దగ్గర సముద్రం ఒడ్డున, మత్స్యకారుల సంఘం గదిలో ఒక మూల నా కంప్యూటర్. బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల వ్యాపారుల ఇంట పుట్టిన నాకు అదే తొలి ఉద్యోగం. కిటికీలోంచి ఉప్పుగాలి, తెరమీద నీలం మ్యాపు. అందులో పడవలు చుక్కలై కదులుతుంటే మెలకువలోనే కల కంటున్నట్టుండేది.

పడవల్లోని ఫోన్లు పంపే కబుర్లు అందుకునే వెబ్ సర్వీసును జావా అనే కంప్యూటర్ భాషలో రాయడం నా పని. కబురు జేసన్ అనే అక్షరాల వరసగా వస్తుంది. దాన్ని జావాలో క్లాసు అనే అచ్చులోని గళ్లలో సర్దడమే డేటా బైండింగ్. ఏ గడిలో ఏముండాలో ముందే స్కీమా అనే పట్టికగా రాసి, దాన్నిబట్టి క్లాసులు పుట్టించడం ఒక పద్ధతి. తేడా వస్తే ఒప్పుకోదు. వచ్చింది వచ్చినట్టే ఉంచుకుని కావలసింది వెతుక్కోవడం ఇంకొకటి, చాకిరీ ఎక్కువ. నేను మూడోది పట్టుకున్నాను. నా క్లాసు చూపిస్తే చాలు, జాక్సన్ అనే లైబ్రరీ, ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, అదే అన్నీ నింపేస్తుంది. తెలియని గడి వస్తే మాత్రం ఎర్రర్ ఇచ్చేది. నాకసలే ఓపిక తక్కువ. తెలియనివి వదిలెయ్యమని ఒక్క లైను రాసి పారేశాను. ఎర్రర్లు మాయం. అబ్బ, ఎంత హాయి!

ఒక పొద్దున, మంచు ఇంకా విడవకముందే, పోలమ్మక్క పరుగున వచ్చింది. వెనకే ఆమె మామ కోటయ్య. వేటకెళ్లిన ఆమె భర్త ఏడుకొండలు రాత్రి తిరిగి రాలేదు.

"మా ఆయన పడవ యాడుందో చూడు పాపా. ఫోను కలవడంలా."

"మనోళ్లు ఉత్తరంగా పొయ్యి ఎతకతా ఉండారు," అన్నాడు కోటయ్య. "గాలి తిరిగిందంటే లంగరు నిలబడదు."

చూశాను. నిన్న సాయంత్రం ఒక కబురు వచ్చింది. కానీ ఆ పడవ చుక్క ఎక్కడో ఆఫ్రికా పక్కన, సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం దగ్గర తేలుతోంది. జీపీఎస్ పనిచేయక చోటు రాలేదు. ఖాళీగా మిగిలిన ఆ అంకెల్ని జావా సున్నాలు చేసి కూర్చుంది.

లాగ్ ఫైలు తెరిచాను. అసలు కబురు అందులో చెక్కుచెదరకుండా ఉంటుంది. పల్లెవాళ్లు అడిగితే యాప్ రాసేవాళ్లు ఫోన్లలో కొత్తగా చేర్చిన 'గుర్తు' అనే గడి కనబడింది. నా క్లాసులో అది లేదు, అందుకే నేను రాసిన ఆ ఒక్క లైను దాన్ని వదిలేసింది. గట్టిగా చదివాను.

"ఇంజను ఆగిపొయ్యింది. లంగరేసినా. లైట్‌హౌసు మీదికి సరుగుడుతోపు కొన వచ్చింది. సెల్ టవరు గుడి గోపురానికి ఎడంగా బెత్తెడు. ఎనిమిది బారల నీళ్లు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కోటయ్య కళ్లు మూసుకుని గాలిలో వేలితో రెండు గీతలు గీశాడు. ఒడ్డుమీది గుర్తుల్ని వరసలోకి తెచ్చి నీళ్లమీద చోటు పట్టడం వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

"దక్షిణాన ఉండాడు మావాడు!" అని పరుగెత్తాడు.

మధ్యాహ్నానికి పడవను లాక్కొచ్చారు. ఏడుకొండలు నీళ్లు తాగి నన్ను చూసి నవ్వాడు.

"నిన్ననే 'అందింది' అని ఫోన్లో వచ్చింది గదా పాపా. ఇంకేం, వస్తారులే అని నిమ్మళంగా పడుకున్నా."

ఆ జవాబు ఇచ్చింది నా సర్వీసే. పోలమ్మక్క నావైపు తిరిగింది.

"రాత్రంతా ఇసకలో కూర్చోనుండా పాపా. ఆ మాట యాడుండింది?"

తప్పు సర్వర్ మీదికి నెట్టేయొచ్చు. నోరు రాలేదు.

"నా కాడికే వచ్చిందక్కా. నేనే పారేసినా."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏ పద్ధతి మంచిదని కొత్తవాళ్లు ఇప్పుడు నన్ను అడుగుతారు. ఏదైనా మంచిదే అంటాను. ఖాళీని సున్నా కానివ్వకండి. గడిలో పట్టని మాటను మనిషి చదివే చోట పెట్టండి. అంతవరకూ 'అందింది' అని మాత్రం చెప్పకండి.