పక్క కుర్చీలోంచి గోదావరి

మా తోడల్లుడి కంప్యూటర్‌ని చూసి కుళ్ళుకున్నంతగా నేను ఏ మనిషినీ చూసి కుళ్ళుకోలేదు. మనిషికైతే ఎప్పుడో ఒకప్పుడు జ్వరమొస్తుంది, జుట్టూడుతుంది, మన మనసు కాస్త కుదుటపడుతుంది. ఆ యంత్రానికి అలాంటివేవీ రాలేదు. పక్కనున్న గాజు పలకలోంచి లోపల రంగురంగుల దీపాలు కనబడుతూ, ఎప్పుడు చూసినా ఊరేగింపుకి బయల్దేరిన పెళ్ళికొడుకులా ఉండేది.

నాది పాతది. ధవళేశ్వరంలో మా ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన ఉండేది. అమ్మాయి చదువుకని కొన్నాం. అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిపోయాక అది నాకు మిగిలింది. సొసైటీ ఆఫీసులో పొద్దస్తమానం ఎరువుల బస్తాల లెక్కలు రాసి ఇంటికొచ్చే మనిషికి ఏదో ఒక సరదా ఉండాలి కదా. నా సరదా విమానాలు. నిజం విమానం జీవితంలో ఒక్కసారి ఎక్కాను, అదీ మధ్య సీట్లో. కిటికీ పక్కాయన కూర్చుంటూనే తెర కిందికి దించేసి గుర్రుపెట్టాడు. గోదావరి పైనుంచి ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళినవాడిని, ఆయన బట్టతల చూసి దిగాను. ఇప్పటికీ ఆయన మీద కోపం పోలేదు.

ఆ కోపంతోనే సిమ్యులేటర్ మొదలుపెట్టాను. అంటే ఇంట్లో కూర్చుని, తెర మీద, అచ్చం పైలట్ నడిపినట్టే విమానం నడిపే ప్రోగ్రాం. మీటలూ ముళ్ళూ రన్‌వేలూ, దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వాలే ఫ్లాప్సూ అన్నీ ఉంటాయి. వైజాగ్‌లో లేచి, కాకినాడ మీదుగా వచ్చి, మన మధురపూడి ఎయిర్‌పోర్టులో దిగొచ్చు. లేచేముందూ దిగేముందూ సరిచూసుకోవలసినవన్నీ ఒక కాగితం మీద ఉంటాయి. పక్క సీట్లో ఉన్నవాళ్ళు ఒక్కోటీ చదవాలి, నడిపేవాడు జవాబు చెప్పాలి. మా ఇంట్లో పక్క సీటంటే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. అందులో మా ఆవిడ కూర్చునేది.

తను కడియం దగ్గర ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూల్ టీచరు. కాగితం చేత్తో పట్టుకుని క్లాసులో హాజరు పిలిచినట్టే పిలిచేది.

"ఫ్లాప్స్ అండి?"

"వేశాను."

"చక్రాలు దించారాండీ?"

"దించాను."

"లైట్లండి?"

ఇంత మర్యాదగా చదివిపెట్టే మనిషి ప్రపంచంలో ఏ పైలట్‌కీ ఉండదని నాకు లోలోపల గర్వంగా ఉండేది. సిమ్యులేటర్ తెరుచుకునేలోగా తను ఒక కూరకి సరిపడా బెండకాయలు తరిగేసేది. తెరుచుకున్నాక మాత్రం ఏం సుఖం? బొమ్మ ఆగి ఆగి కదిలేది. మా ఊరి బ్యారేజీ మీదికి వచ్చేసరికి బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేటప్పటికి మేం అవతలున్న బొబ్బర్లంక దాటేసి ఉండేవాళ్ళం. అయినా సంతోషంగానే ఉండేవాళ్ళం. నేనలాగే అనుకునేవాడిని.

ఇంతలో మా తోడల్లుడు భోజనానికి వచ్చారు. మా ఆవిడ అక్కగారి భర్త. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటారు. కడియంలో నర్సరీ ఉంది. దేశంలో ఏ మూల కొత్త రోడ్డేసినా దాని మధ్యలో నాటే మొక్కలు ఆయన లారీల్లో వెళతాయి. చెడ్డ మనిషైతే బాగుండేది, హాయిగా తిట్టుకునేవాడిని. వెతికి చూసినా ఆయనలో ఒక్క చెడ్డ గుణం దొరకదు, అదే నా బాధ. ఆ రోజు భోజనాలయ్యాక నేనే ముచ్చటపడి విమానం చూపించాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

"భలే ఉందే తమ్ముడూ," అన్నారాయన, కుదుపులన్నీ ఓపిగ్గా చూసి. "ఇలాంటిదొకటుందని ఇన్నాళ్ళూ మాకు తెలీనే లేదు."

నెల తిరక్కుండా వాళ్ళింట్లో కొత్త కంప్యూటర్ దిగింది. గోడంత వంపు తెర, చేత్తో పట్టుకునే స్టీరింగు, కాళ్ళ కింద పెడల్స్. ఏకులా వచ్చి మేకవడమంటే ఇదే. మమ్మల్ని పిలిచారు, వెళ్ళాం. ఆ తెర మీద విమానం కదులుతుంటే వాళ్ళు పెట్టిన పూతరేకు నా చేతిలోనే ఉండిపోయింది. ఆయన వెంటనే తన కుర్చీలోంచి లేచారు.

"ముందు మా గురువుగారు కూర్చోవాలి. రా తమ్ముడూ, నువ్వు నేర్పిందే కదా ఇదంతా."

నేను కూర్చున్నాను. ఆయన నిలబడే చూశారు. బ్యారేజీ మీదుగా వెళితే గేట్లు ఒక్కోటీ కనబడ్డాయి. కోనసీమ మొత్తం కొబ్బరిచెట్లే. ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు.

"ఏవండీ, చూశారా! మన వీధి మలుపు కూడా కనబడుతోంది," అంది మా ఆవిడ, నా భుజం మీదుగా వంగి.

"బాగానే ఉంది గానీ, రంగులు కళ్ళకి మరీ ఎక్కువైపోయాయండి," అన్నాను ఆయనతో. నాకే వినబుద్ధి కాలేదు ఆ మాట. ఆయన మాత్రం పాపం, రంగులు తగ్గించడానికి మౌస్ అందుకున్నారు.

ఆ తర్వాత మా ఆవిడ బడి నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. అడిగితే, "అక్కా వాళ్ళింట్లో కాసేపు ఆగానండి," అనేది. టీ పెడుతూ, ఉల్లిపాయలు కోస్తూ, బావగారి తెర మీద వాన పడితే అద్దం మీద చుక్కలు ఎలా జారతాయో చెప్పేది. ఇవాళ వైజాగ్ నుంచి వచ్చామనీ, సముద్రం మీద తిరిగామనీ చెప్పేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, పుల్లకూర ఇంతసేపు తినడం నేనెక్కడా చూడలేదు.

అనుమానం కాదు. అలాంటి వెధవ ఆలోచన నాకు రాలేదు, వదినగారు ఆ గదిలోనే కూర్చుని పూలు కట్టుకుంటారు. నన్ను తినేసింది వేరే సంగతి. నా కళ్ళ ముందు ఒకటే బొమ్మ ఆడేది: మా ఆవిడ ఆయన పక్కన కూర్చుని, ఆ టీచరు గొంతుతో, "చక్రాలు దించారాండీ, బావగారూ?" అంటున్నట్టు. ఆ చదవడం నాది. నా కుర్చీ పక్కన పుట్టింది. ఆయన తెర కొనుక్కోనీ, పెడల్స్ కొనుక్కోనీ, ఆ గొంతు కూడా పట్టుకుపోతారా? ఇంట్లో ఎర్ర కుర్చీ మీద ఇస్త్రీకి వెయ్యాల్సిన బట్టలు పేరుకున్నాయి. వాటిని చూస్తే ఒళ్ళు మండిపోయేది.

అప్పుడు నిశ్చయించుకున్నాను, నా కంప్యూటర్‌ని బాగుచేసి ఆవిణ్ణి వెనక్కి తెచ్చుకోవాలని. కొత్తది కొనే స్తోమత లేదు. బండికి టైర్లు మార్చడం వాయిదా వేస్తే పాతదాన్ని కాస్త లేవదీయొచ్చు. రాజమండ్రిలో విడిభాగాల షాపుకి వెళ్ళి నా గోడు చెప్పుకున్నాను. షాపాయన ఓపిగ్గా అంతా విని, "ముందు హార్డ్‌డిస్క్ తీసెయ్యండి, మీ ఆలస్యం సగం అక్కడే ఉంది," అన్నాడు. గరగరమని తిరిగే ఆ పాత డిస్క్ బదులు, తిరగడమనేదే లేని ఎస్‌ఎస్‌డీ వేయించాను. మరో వారానికి, ఉన్న ర్యామ్ పక్కన ఇంకో ర్యామ్ ముక్క పెట్టించాను. అసలు చిక్కు గ్రాఫిక్స్ కార్డు దగ్గరొచ్చింది. తెర మీద బొమ్మని గబగబా గీసేది అదే. మంచిదేదైనా పెడదామంటే నా కంప్యూటర్‌లో కరెంటు అందించే పవర్ సప్లై దాన్ని మొయ్యలేదు. చివరికి, విడిగా కరెంటు వైరు అక్కర్లేని చిన్న కార్డు, ఎవరో వాడి అమ్మేసింది, దొరికింది.

ఇంటికి తెచ్చి కంప్యూటర్ పెట్టె విప్పితే లోపల బల్లి గుడ్డు పెంకులూ, వేలి మందాన దుమ్మూ. బ్రష్షుతో తుడిచి కార్డు బిగించాను. వేడెక్కిపోతుంటే పెట్టె పక్క రేకు మళ్ళీ మూయకుండా వదిలేసి, టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పిపెట్టాను. అన్నయ్యగారిది గాజు పలకలోంచి కనబడుతుంది, నాది ఏ పలకా లేకుండానే కనబడుతుంది. ఆ విధంగా ఇద్దరం సమానమయ్యామని నన్ను నేను ఓదార్చుకున్నాను.

తరవాత సెట్టింగులు. నీడలు తీసేశాను. మబ్బులు పలచన చేశాను. అయినా కోనసీమ మీదికి రాగానే విమానం మళ్ళీ తడబడింది. ఆ కొబ్బరిచెట్లన్నీ గియ్యడం నా కార్డు వల్ల కావడం లేదు. చేసేదిలేక చెట్లు కూడా తీసేశాను. ఒక్క కొబ్బరిచెట్టు లేకుండా కోనసీమ ఎంత బోసిగా ఉంటుందో చూసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. మొక్కలమ్ముకునే మనిషికి చెట్లకేం లోటు, నాలాంటివాడికి ఇదే గతి అని పళ్ళు నూరుకున్నాను. కానీ విమానం సాఫీగా వెళ్ళింది! బ్యారేజీ మొదటినుంచి చివరిదాకా, ఒక్కచోట ఆగకుండా. గదిలో ఒక్కణ్ణే ఉండి చప్పట్లు కొట్టాను.

ఆదివారం పొద్దున్న ఎర్ర కుర్చీ మీద బట్టలు మంచం మీద పడేసి, కుర్చీ తుడిచి, చదివే కాగితం దాని మీద పెట్టి మా ఆవిణ్ణి పిలిచాను. బెండకాయల పళ్ళెంతో వచ్చింది. ఒక కాయ తరిగేలోగా సిమ్యులేటర్ తెరుచుకుంది.

"అప్పుడే అయిపోయిందాండీ!" అంది. మొహంలో నిజమైన ఆశ్చర్యం. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

వైజాగ్‌లో లేచాం. కాగితం ఒళ్ళోనే ఉంది గానీ తను దాని వంక చూడ్డం లేదు. అన్నీ వరసగా, చూడకుండా చెబుతోంది. ఆ గొంతు మళ్ళీ నా పక్కన వింటుంటే కడుపు నిండింది. మధురపూడి రన్‌వే ఎదురుగా కనబడింది.

"కొంచెం ఎత్తులో ఉన్నామండి," అంది.

"తెలుసు."

"స్పీడు కూడా ఎక్కువుంది. నేనైతే ఆ కాలవ దగ్గరే పవర్ తగ్గించేస్తానండి."

"నువ్వైతేనా?" అని తన వైపు తిరిగాను. ఆ తిరగడంలో విమానం రన్‌వే మీద బంతిలా ఎగిరి, మళ్ళీ ఎగిరి, గడ్డిలోకి పోయి ఆగింది. "నువ్వెప్పుడు నడిపావు?"

"అక్కా వాళ్ళింట్లోనండి. రోజూ నేనే నడుపుతాను."

"మరి అన్నయ్యగారు?"

"బావగారు చదువుతారు. ఇంగ్లీషు ముక్కలు పట్టుకుని కుస్తీ పడతారు పాపం, నవ్వలేక చస్తాం అక్కా నేనూ."

ఇన్ని వారాలు నేను తలుచుకుని తలుచుకుని ఉడికిపోయిన బొమ్మలో, మనుషులు అటు ఇటు మారి కూర్చున్నారు. కోపం ఎవరి మీద తిప్పాలో తెలియలేదు.

"నీకు నడపాలని ఉందని నాకెప్పుడూ చెప్పలేదేం?"

తను బెండకాయ తొడిమ తీసి పళ్ళెంలో పడేసింది. "నేను బడి నుంచి వెళ్ళిన మొదటిరోజే బావగారు లేచి, కూర్చోమ్మా అన్నారండి. మీరు లేస్తే కదా, నేనడగడానికి."

దెప్పుతున్నట్టు కూడా అనలేదు. బియ్యం నిండుకున్నాయని చెప్పినట్టు చెప్పింది. లేచాను. తను పళ్ళెం నాకిచ్చి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని నా కుర్చీలో కూర్చుంది. నేను ఎర్ర కుర్చీలో కూలబడి కాగితం తీసుకున్నాను.

తను విమానం మళ్ళీ లేపి గోదావరి మీదికి తెచ్చాక, అక్కడినుంచి తెర వంక చూస్తే నాకు ఏదో పాడైందనిపించింది. రంగులన్నీ వెలిసిపోయి, గోదావరి ఉతికిన బురదగుడ్డలా ఉంది, ఆకాశం ఒక మూల నల్లగా ఉంది. కార్డు పోయిందేమో అనుకున్నాను. కంగారుగా తన వైపు వంగి చూశాను. అటునుంచి అంతా బాగానే ఉంది, నీళ్ళు నీళ్ళలాగే మెరుస్తున్నాయి. మళ్ళీ నా కుర్చీలోకి జరిగితే మళ్ళీ బురద. నా మానిటర్ అంత పాతది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి తప్ప పక్కవాళ్ళకి రంగు చూపించదు. డిస్క్ మార్చాను, ర్యామ్ వేశాను, కార్డు పెట్టాను, కోనసీమలో చెట్లన్నీ నరికాను. తెర జోలికి పోవాలని మాత్రం తోచలేదు. నాకు బాగానే కనబడుతోంది మరి.

"చదవండి," అంది తను.

"ఫ్లాప్స్?" అన్నాను. అండి అనడం నాకు చేతకాలేదు.

"వేశానండి."

"చక్రాలు?"

"దించానండి."

కాలవ దగ్గర పవర్ తగ్గించింది. విమానం ఎక్కడ నేలకి తగిలిందో కూడా తెలియలేదు, అంత మెత్తగా దిగింది. నా కంప్యూటర్‌లో, నా విమానం, నా చేతిలో ఏనాడూ అలా దిగలేదు. సంతోషించాల్సింది పోయి తప్పు కోసం వెతికాను.

"దించావు గానీ, గీత మీద లేవు. కొంచెం ఎడమకి పోయావు," అన్నాను.

"పక్కనుంచి చూస్తే అలాగే కనబడుతుందండి," అంది తను, మానిటర్‌ని నా వైపు కొంచెం తిప్పుతూ.