బస్సు దిగిన బూట్లకు మొక్కిన బాపు

మా చిన్నప్పుడు... కల్వకుర్తి రోడ్డు మీద, ఎండాకాలం సాయంత్రం, మా నాన్న, అదే బాపూ, నేనూ సెలవులకు వచ్చే అన్న కోసం పట్నం నుంచి వచ్చే బస్సుకు ఎదురుచూస్తున్నాం. యాభైల చివరి రోజులు. నాకప్పుడు ఐదో తరగతి.

అన్న యాదగిరి హైదరాబాదులో పెద్ద హాస్టలు బడిలో చదివేవాడు. ఒకప్పుడు జాగీర్దార్ల పిల్లలకే ఆ గేటు తెరుచుకునేదట... తర్వాత పరీక్ష పెట్టి మాలాంటి ఇళ్ల పిల్లలను కూడా కొందరిని తీసుకున్నారు. మా ఊరి దొర కొడుకుదీ అన్న తరగతే. ఇంటికి వచ్చినప్పుడల్లా అన్న "డార్మిటరీ", "ప్రిఫెక్ట్" అంటుంటే, అర్థం తెలియకపోయినా ఆ మాటల్ని రోజంతా నోట్లో చప్పరించేదాన్ని.

ఆ ఏడు గడిలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, జీపు చెడిపోయింది. చిన్న దొర కూడా అదే బస్సులో వస్తున్నాడని, బాపును బండి కట్టుకొని రమ్మన్నారు. గడి భూమినే బాపు కౌలుకు చేసేవాడు. దొరల ముందు చెప్పులు చేతపట్టుకొని, మొహం చూడకుండా వాళ్ల కాళ్లే చూస్తూ మాట్లాడటం అప్పటి రివాజు.

బస్సు ఆగింది. నల్లగా మెరిసే బూట్లు మెట్టు దిగాయి. బాపు నడుం వంచాడు...

"బాంచెన్ దొరా, బండి తెచ్చిన."

"బాపూ... నేనే."

అది అన్న గొంతు.

వెనకే చిన్న దొర దిగాడు. అవే బూట్లు, అదే తెల్ల చొక్కా, అదే నీలం టై. అతను నవ్వలేదు. మొహం పక్కకు తిప్పుకొని "ఎక్కు యాదగిరీ" అన్నాడు. అన్న బండి ఎక్కలేదు. ఇంటిదాకా నడిచే వచ్చాడు.

చిన్న దొరను గడి దగ్గర దింపి బాపు ఇంటికి రాగానే అన్న చెప్పేశాడు.

"నేనిగ పోను బాపు. గా బడి నాకొద్దు."

"ఏందిరా, మొక్కింది నీకే గదా. పరాయోనికి మొక్కితే లేని ఫికరు గిప్పుడెందుకు?"

"నాకు సిగ్గయితాంది."

బాపు ఎడ్ల ముందు గడ్డి వేశాడు.

"అయితే మంచిదే బిడ్డా. గా సిగ్గు జర పైలంగ ఉంచుకో. నాకు ఎప్పుడో పోయింది. ఈడ్నే ఉంటే నీకు గూడ పోతది."

సెలవులయ్యాక అన్న మళ్లీ వెళ్లాడు.

చదువులు అయిపోయాయి... చిన్న దొర మామూలు మార్కులతోనే, మేనమామ మాట మీద ఓ కంపెనీలో ఆఫీసరయ్యాడు. మనిషి మంచివాడే. అన్నను కూడా ఇంటర్వ్యూకు పిలిపించాడు. తరగతిలో ముందుండే అన్నను అక్కడ మొదట అడిగింది, "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని. అన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. ఉద్యోగం రాలేదు.

"ఒక్క తీరు టైలు గట్టిన్రు గని, అందరికీ గసొంటి మేనమామలను యాడికెల్లి తెస్తరు చెల్లె" అని నవ్వేశాడు. మహబూబ్‌నగర్‌లో సర్కారు బడి లెక్కల సారుగానే ఉండిపోయాడు.

అన్న దగ్గర చదివిన పిల్లలు తర్వాత పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చున్నారు. కొలువు కోసం వచ్చిన వాళ్లను ముందుగా తండ్రి సంగతి అడగొద్దని వాళ్లకు చెప్పేవాడు... అడగడం లేదనే అనుకుంటున్నాను.

మీ ఇంట్లో మొదటిసారి పెద్ద బడి గడప తొక్కింది ఎవరు... ఆ తర్వాత వాళ్ల దారి ఎటు సాగింది? రాయండి, చదువుతాను...