నంజుకున్న సంగతి

ఇవాళ ఆసుపత్రి క్యాంటీన్లో ఎవరో కొబ్బరికారం డబ్బా మూత తీశారు. ఆ వెల్లుల్లి ఘాటుకు నాకు మరియమ్మ సిస్టర్ గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొస్తే వెనకే మా నాన్నా గుర్తొస్తాడు.

రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో సిస్టర్ మా పక్కింటావిడ, భీమవరం వైపు మనిషి. అప్పట్లో నేను నర్సు పని నేర్చుకుంటున్న వార్డుకు ఆవిడే పెద్ద. మా అక్క సీమంతానికి వచ్చినవాళ్లలో సగం మందికి మర్నాడే జ్వరం, వాంతులు, విరేచనాలు. వాళ్లతో మా వార్డు నిండిపోయింది. కడుపుతో ఉన్న అక్కకు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. గిన్నెలు తోమిన దులారీ చేతులు శుభ్రంగా లేవని మా నాన్న తేల్చేశాడు. కాలనీ అంతా ఆ మాటే పట్టుకుని ఆమెను పని మాన్పించింది. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా!

డాక్టరు గారు "క్యా ఖాయా?" అని అడిగితే అందరూ పులిహోర, పప్పు, పాయసం అన్నారు. జబ్బు పడనివాళ్లూ అవే చెప్పారు. సిస్టర్ మాత్రం ప్రతి మంచం దగ్గరా ఆగి, "పెరుగన్నంలోకి ఏం నంజుకున్నావమ్మా?" అని తెలుగులో అడిగారు. పడకేసినవాళ్లంతా కొబ్బరికారమే అన్నారు.

"నంజుకున్నదాన్ని మనవాళ్లు తిండి లెక్కలో వేస్తారటే పిల్లా?" అన్నారు నాతో.

ఆ కొబ్బరిపొడి నాన్న తెచ్చిందే, భన్‌పురిలో తెలిసినవాళ్ల కార్ఖానా నుంచి. వేయించకుండానే కారం కలిపాం. మా ఇంట్లో విప్పని ప్యాకెట్ ఒకటి మిగిలితే సిస్టర్ పరీక్షకు పంపారు. దులారీ చెయ్యే తగలని ఆ ప్యాకెట్లో రోగక్రిమి బయటపడింది.

"ఛోడియే సిస్టర్, వదిలెయ్యండి," అన్నాడు నాన్న. "అందరూ కోలుకున్నారుగా. ఇప్పుడిది బయటపెడితే నా పరువేం కాను?"

"మీ పరువు దులారీ మొయ్యాలా, అన్నయ్యగారూ?"

నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే సిస్టర్ కాలనీలో గడపగడపకూ వెళ్లి జరిగింది చెప్పారు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని దులారీ ఇంటికి వెళ్లారు. తప్పు తనది కాదని తెలిస్తే ఆమె మా మీద మండిపడుతుందనుకున్నాను. తన చేతులకేసి చూసుకుంది, అంతే.

"సబ్బో ఝన్ కహిన్, త మహూఁ మాన్ లేవ్," అంది.

అందరూ అంటే తనూ నమ్మేసిందట. అప్పట్నుంచీ సొంత పిల్లలకు కూడా తన చేత్తో పెట్టడం మానేసి, పక్కింటామె చేత వడ్డిస్తోందట.

సిస్టర్ కింద కూర్చుని, "భూఖ్ లాగత్ హే, దే," అంటూ ఆకలేస్తోంది, పెట్టమన్నారు. దులారీ చేత్తో పెట్టించుకుని కడుపునిండా తిన్నారు.

ఇప్పటికీ వార్డులో ఏ పొరపాటు జరిగినా అందరి కళ్లూ ముందు ఆయా మీదికే పోతాయి. నావి మాత్రం మావాళ్ల మీదికి, మా నర్సుల మీదికి పోతాయి. నాన్న దులారీ గడప తొక్కకుండానే కాలం చేశాడు. ఆయన పడాల్సిన సిగ్గు నేనింకా పడుతూనే ఉన్నాను.