సముద్రంలో ఒక చోటికి

నా భార్య సుజాత అస్థికలు కలిపిన చోటు మళ్ళీ ఒక్కసారి చూడాలనిపించి బయలుదేరాను. ఏడాది కిందట ఆ పడవలో నేను తల ఎత్తనే లేదు. ఎటు వెళ్ళామో, ఎంత దూరమో తెలియదు. నెల్లూరులో పోటీ పరీక్షల పిల్లలకు రీజనింగ్ చెబుతాను. "బొమ్మను బుర్రలో తిప్పండి, కాగితం తిప్పొద్దు" అని ఇరవై ఏళ్ళుగా అరుస్తున్నాను. సుజాతేమో మ్యాప్ చూస్తూ ప్రతి మలుపులోనూ ఫోను తిప్పేది. "ఊరు కూడా తిరిగిందా?" అని ఏడిపించేవాణ్ణి.

ఉదయం ఆరున్నరకు పాసింజరెక్కాను. కొడవలూరు దాటాక ఎదుటి సీటావిడ డబ్బా విప్పి, "ఒక్కరే పోతుండారా సార్? రెండిడ్లీలు తినండి" అంది. వద్దన్నాను. బిట్రగుంటలో దిగి ఆటోలో తీరం చేరేసరికి ఎనిమిదైంది. వెళ్ళేవాళ్ళు తినే వెళ్ళండి, నాకక్కడ టీ తప్ప ఏమీ దొరకలేదు. వేటకెళ్ళిన పడవలు పదికి గానీ రాలేదు. రెండు గంటలు ఇసుకలో ఒంటరిగా కూర్చున్నాను.

ఏడాది కిందట మమ్మల్ని పడవలో తీసుకెళ్ళిన పోలయ్య నన్ను గుర్తుపట్టాడు. సంగతి చెబితే, చేపలు దించి నన్నెక్కించుకుని మళ్ళీ ఇంజను వేశాడు. కాసేపటికి ఎటు చూసినా ఒకేలాంటి నీళ్ళు. ఆ చోటు ఇక దొరకదేమోనని భయమేసింది. "ఎట్లా తెలుస్తుంది పోలయ్యా?" అన్నాను.

"నీళ్ళను చూస్తే ఏం తెలస్తాది సార్? ఒడ్డును చూడండి. చర్చి శిలువ సరిగ్గా సెల్ టవర్‌కు ముందుకు రావాల. కుడి పక్క వాటర్ ట్యాంకు తాడిచెట్టు ఎనక దాక్కోవాల. రెండూ ఒక్కసారే కుదిరినాయంటే అదే చోటు."

పడవ కాస్త జరిగింది. రెండూ కుదిరాయి. తెచ్చిన మల్లెపూలు వదిలి గట్టిగానే ఏడ్చాను. పోలయ్య అటు తిరిగి కూర్చున్నాడు.

తిరిగొస్తూ, "ఈసారి వస్తే నేనుంటానో లేదో. గుర్తులు చెప్పండి సార్" అని నాచేత రెండుసార్లు అప్పజెప్పించాడు.

సాయంత్రం నాలుగు గంటల బండిలో సముద్రం వైపు కిటికీ దగ్గర కూర్చుని, మరచిపోకముందే కాగితం మీద గీశాను. పైన ఒడ్డు, ఎడమన చర్చి, కుడిన తాడిచెట్టు, కింద పడవ. తలెత్తి ఊరున్న వైపు చూశాను. ఇటు నేల వైపు నుంచి చూస్తే చర్చి కుడిచేతి వైపుండాలి, బొమ్మలో ఎడమనుంది. కళ్ళు మూసుకుని బుర్రలో తిప్పబోయాను. చర్చి కుదిరితే చెట్టు పోతోంది. చివరికి కాగితాన్నే తిప్పాను. అన్నీ సరిపోయాయి. సుజాత చేసిందీ ఇదేగా, ఎందుకంత ఏడిపించాను!

ఇప్పుడు నవ్వే వంతు సుజాతది. పక్క సీటు నెల్లూరు దాకా ఖాళీగానే ఉంది.