నీలిగీత గీయకుండా వెళ్ళిన మాస్టారు

మంగళవారం మధ్యాహ్నం నాటకాల దుస్తుల మాస్టారు కుట్టుమిషను మీదికే ఒరిగిపోయారని కబురొచ్చింది. గుండెపోటు. నేను వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చాను. మా అమ్మ గరిటె చేత్తో పట్టుకుని నా ముందు నిలబడింది. "దర్జీ పోతే ఇంత ఏడుపేమిటే? నిజం చెప్పు, ఆ మంత్రి వేషం కట్టే అబ్బాయి కోసమేనా?" కొన్నాళ్ళుగా మా ఇంట్లో ఇదే అనుమానం. బి.ఏ. చదివిన పిల్ల ఏలూరు కాలవ గట్టు మీది మాస్టారి కొట్టుకి రోజూ పోతోందంటే ఎవడో ఉండి తీరాలి. అక్కడ పని ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు.

మీలో చాలామంది ఆయన పని చూసే ఉంటారు, ఆయన్ని చూసి ఉండరు. మన వైపు పద్యనాటకాల్లో సగం మంది రాజుల ఒంటి మీది బట్ట ఆయన చేతిదే. ఆదివారం చర్చిలో వెనక బెంచీ, సోమవారం నుంచి రాముడి కొలతలు, రావణుడి కొలతలు. "దేవుళ్ళందరి నడుమూ నాకు తెలుసు పాపా, మా ప్రభువుది తప్ప," అనేవారు, నవ్వకుండా.

నేను మొదట వెళ్ళింది తగువు పెట్టుకోవడానికి. విజయనగర రాజుల కథ ఆడుతూ రాజుకి చమ్కీలు కుట్టిన వెల్వెట్ కోటు తొడిగారు. చరిత్ర చదివినదాన్ని, ఊరుకోలేకపోయాను. లైబ్రరీలో చూసి గీసుకున్న బొమ్మలు ఆయన ముందు పరిచాను. పొడవాటి టోపీ లాంటి కుళ్ళాయి, కాళ్ళ దాకా జారే పల్చటి తెల్లని అంగీ, కబాయి. కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూశారు. "బాగానే ఉందండీ. ఇది తొడుక్కుని ఊపిరెలా పీల్చేవాడు మీ రాజు?" మర్నాటి నుంచి నేను గీసేదాన్ని, ఆయన కోసేవారు.

ఆయన పద్ధతి వేరు. నటుణ్ణి నిలబెట్టి ఛాతీ కొలిచి గుడ్డ మీద తెల్ల సుద్దతో గీత గీసేవారు. తరవాత "ఇప్పుడు పాడండి" అనేవారు. రాగం తీసి తీసి రొమ్ము పొంగిన చోట మళ్ళీ టేపు వేసి, నీలం సుద్దతో ఇంకో గీత. కత్తెర ఎప్పుడూ నీలిగీత మీదే నడిచేది. కాలవలో పడవలవాళ్ళు గెడలు ఆపి మరీ వినేవాళ్ళు.

కిందటి చలికాలం ఆయనకి జ్వరమొస్తే మంత్రి కబాయి నేను కోశాను. ఆ అబ్బాయిని పాడమనడానికి సిగ్గేసి, ఊరికే నిలబెట్టి కొలిచాను. ఆ కొలవడమే మా పిన్ని కంటబడింది. ఇక నాటకంలో, పద్యం చివర రాగం అందుకున్నాడో లేదో చంక కింద కుట్టు పర్రుమంది. జనం పద్యానికి పరవశించి "వన్స్ మోర్!" అన్నారు. మళ్ళీ పాడాడు, మళ్ళీ చిరిగింది. మూడో వన్స్ మోర్‌కి మంత్రిగారి బనీను నడుము దాకా బయటపడింది.

నాటకం కాంట్రాక్టరు తెర వెనక్కొచ్చి, "ఎవడు కోశాడిది?" అని రంకె వేశాడు.

దుప్పటి కప్పుకుని కూర్చున్న మాస్టారు లేచారు. "నేనేనండీ. జ్వరం, చూపు ఆనలేదు."

తిరుగు బస్సులో నాతో ఒక్క మాటే అన్నారు. "మనిషిని కొలిచావు పాపా. పాటని కొలవలేదు."

సమాధుల తోట నుంచి వచ్చాక ఆయన భార్య కొట్టు తీసింది. బల్ల మీద రాజు కబాయి గుడ్డ పరిచి ఉంది. ఈ శనివారం కాక పై శనివారం పామర్రులో ఆట. రాజు వేషానికి కొత్త మనిషి, ఆ ఊరివాడే. గుడ్డ మీద తెల్లగీత ఉంది, నీలిగీత లేదు.

"గురువారం వచ్చి పాడమన్నారమ్మా అతన్ని," అందామె.

కాంట్రాక్టరూ అక్కడే ఉన్నాడు. "ఇక అతను రానక్కర్లేదు, వెల్వెట్ కోటు అద్దెకి తెస్తాలేమ్మా. పామర్రు వాళ్ళకి మెరిస్తే చాలు."

నేను కోస్తానందామనుకుని ఆగాను. ఉన్నది ఒక్క గుడ్డ. కత్తెర తప్పితే మాస్టారి చివరి పని నా చేతిలో పాడవుతుంది. కోయకపోతే, నా బొమ్మలు చూశాక ఏడాదిపాటు ఆయన వద్దు వద్దన్న కోటే రాజు ఒంటి మీదికి ఎక్కుతుంది. ఈసారి తప్పు తన మీద వేసుకోవడానికి ఆయన లేరు.

ఇంటికొస్తే, సోమవారం బాబాయి లారీ ఆఫీసులో టైపిస్టుగా చేరాలన్నారు నాన్న. "కుదురుగా ఉంటావు." ఎందుకు వద్దో చెబితే మళ్ళీ మంత్రి వేషం దగ్గరికే వస్తారు.

ఆ గుడ్డా, నీలం సుద్దా మాస్టారి భార్యనడిగి తెచ్చుకున్నాను. సుద్ద రాలిపోతుందని మడత పెట్టకుండా చాపలా చుట్టి తెచ్చాను. ఇప్పుడు నా మంచం మీద పరిచి ఉంది. తెల్లగీత అప్పుడే కొంత చెరిగింది. దాని పక్కన బెత్తెడు ఖాళీలో, ఆయన బొటనవేలి ఒత్తుకి గుంట పడిన నీలం సుద్దముక్క ఉంది.

సోమవారం లారీ ఆఫీసుకి వెళ్ళను. పామర్రు బస్సెక్కుతాను. రాజుని పాడమంటాను. గుడ్డ నేనే కోస్తాను.